టైలరుకు బదిలీ ఉండదు: గని మూతకు ముందు మా ఊళ్లు కలిసి వేసుకున్న ప్రణాళిక

2022 అక్టోబర్ 2న మా పంచాయతీ కార్యాలయం ముందు వేపచెట్టు కింద గ్రామసభ జరిగింది. మరుసటి ఆర్థిక సంవత్సరానికి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాయడానికి పెట్టిన సభ అది. నేను వార్డు సభ్యురాలినై అప్పటికి మూడేళ్లు దాటింది. కార్యదర్శి రిజిస్టరు తెరిచి ఏ పనులు కావాలో చెప్పమన్నారు. సీసీ రోడ్డు, సైడు కాలువ, వీధి దీపాలు, శ్మశానం దారి అంటూ ఏటా చెప్పేవే చెప్పారు, ఆయన రాసుకున్నారు. సభ ముగుస్తుందనగా వెనక కూర్చున్న ఒక పెద్దావిడ లేచింది. ఊరంతా ఆమెను పాలవ్వ అంటాం.

"రోడ్లు వేయండి బిడ్డా, నేను వద్దనను. కానీ ఓసీ ఎత్తేస్తే నా దగ్గర పాలు ఎవరు పోయించుకుంటారో అది కూడా రాయండి" అంది.

కార్యదర్శి పెన్ను ఆపి నా వైపు చూశారు. ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు.

మా ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మాది సింగరేణి బెల్టు. పక్కన చిన్న మున్సిపల్ పట్టణం, దానికి ఆనుకుని కంపెనీ కాలనీ, చుట్టూ మూడు పంచాయతీలు, మధ్యలో ఓసీ, అంటే పైనుంచి మట్టి తీసి తవ్వే ఓపెన్ కాస్ట్ గని. మా ఆయన ఆ గనిలో ఓబీ తీసే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడుపుతారు. బొగ్గు మీద ఉండే మట్టిని, రాతిని ఇక్కడ ఓబీ అంటారు. బొగ్గు ఇంకెన్నాళ్లు వస్తుందో ఎవరూ పైకి చెప్పరు, కానీ టీ కొట్టు దగ్గర ఆ మాట రాని రోజు లేదు.

నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. మా నాన్న ఇల్లందులో పుట్టారు, భూగర్భ గనిలో కోల్ ఫిల్లర్‌గా, అంటే తవ్విన బొగ్గు ఎత్తి నింపే పనికి, చేరారు. ఇల్లందును పెద్దవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించింది ఆ పక్కనే, 1889లో తవ్వకం మొదలైంది అక్కడే. కంపెనీకి పేరు వచ్చిన సింగరేణి ఊరు కూడా దగ్గరలోనే ఉంది. అంత చరిత్ర ఉన్న చోట గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాన్నకు గోదావరిఖని బదిలీ వచ్చింది, తర్వాత ఈ ఏరియాకు. మా మేనత్త భర్త మాత్రం ఇల్లందులోనే ఉండిపోయారు. ఆయన టైలరు. గని కార్మికుల ప్యాంట్లు, చొక్కాలు కుట్టి ముగ్గురు పిల్లలను చదివించిన మనిషి. కార్మికులు వెళ్లిపోయాక కుట్టు మిషను ఇంట్లో ఒక మూలకు చేరింది. కార్మికుడికి బదిలీ ఉంటుంది, టైలరుకు ఉండదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు చూసిన ఆ మూల నా మనసులోంచి పోలేదు. పాలవ్వ మాట వినగానే గుర్తొచ్చింది ఆ మిషనే.

బొగ్గు తగ్గకుండానే మనుషులు తగ్గిపోవడం కూడా మేం చూస్తూనే ఉన్నాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు దాదాపు 40 వేలమంది. బొగ్గేమో అప్పటికంటే మూడు రెట్లు వస్తోంది. 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. ఓసీలు, యంత్రాలు వచ్చాక అంతే. 2021లో గ్లాస్గో సదస్సులో మన దేశం 2070 నాటికి కర్బన ఉద్గారాలను నికర సున్నాకు తెస్తామని ప్రకటించింది. పత్రికల్లో ఆ చర్చ చదివేటప్పుడు నాకు అనిపించేది ఒకటే, మా గని 2070 దాకా ఉండదని. వాతావరణం కోసం ఎవరో ఆపక్కర్లేదు, అడుగున బొగ్గు అయిపోతే అదే ఆగుతుంది.

ఆ రోజు సభ అయ్యాక సర్పంచ్ గారు, కార్యదర్శి, నేను కూర్చుని పాలవ్వ ప్రశ్నకు పంచాయతీ ఏం చేయగలదో చూశాం. డబ్బు సంగతి ముందే తేలిపోయింది. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాల్సి ఉండేది. మిగిలిన 40 శాతంలోనే రోడ్డయినా, కాలువైనా. కానీ కార్యదర్శి ఇంకో కాగితం తీశారు, రాజ్యాంగం 11వ షెడ్యూలు. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల జాబితా అది. బొగ్గు అందులో లేదు. పాడి ఉంది, చేపల పెంపకం ఉంది, చిన్న నీటివనరులు ఉన్నాయి, సంప్రదాయేతర ఇంధనం ఉంది. బొగ్గు పోయాక మిగిలేవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి! ఆ కాగితాన్ని నేను మూడేళ్లుగా గోడ మీద చూస్తూనే ఉన్నాను, చదివింది ఆ రోజే.

అయితే పాలవ్వ పాలు పోసేది మా ఊళ్లో కాదు, పట్టణంలోని కంపెనీ కాలనీలో. ఆమె గేదెలు మేసేది పక్క తండా పంచాయతీ భూమిలో. వాటికి ఎండాకాలం నీళ్లు దొరికేది మూడో ఊరి చెరువులో. ఆ చెరువు నిండేది ఓసీ నుంచి మోటార్లతో బయటికి తోడే నీళ్లతో. ఒక ముసలమ్మ నాలుగు గేదెల బతుకు నాలుగు పాలకవర్గాల మధ్య ఉంది. మా పంచాయతీ ఒక్కటే ఎంత మంచి ప్రణాళిక రాసినా అది పాలవ్వ దాకా చేరదు.

కాబట్టి మిగతా రెండు పంచాయతీలను పిలిచాం. నవంబరులో మా మహిళా సంఘాల సమాఖ్య భవనంలో కలిశాం. ఆ సమావేశం పూర్తిగా విఫలమైంది. ఎందుకు విఫలమైందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ప్రయత్నం చేసే ఏ ఊరైనా మొదట పడే గొయ్యి అదే.

ముగ్గురు సర్పంచ్‌లూ జేబులో ఒక్కో జాబితా పెట్టుకుని వచ్చారు. ఆ జాబితాలన్నీ జిల్లా ఖనిజ నిధి కోసం. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసం గనులున్న ప్రతి జిల్లాలో ఆ నిధి పెట్టారు. బొగ్గు మీద ప్రభుత్వానికి కట్టే రాయల్టీ 14 శాతం. 2015 జనవరికి ముందు ఇచ్చిన లీజు అయితే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని అదనంగా ఈ నిధికి కట్టాలి, వేలంలో ఇచ్చిన లీజు అయితే 10 శాతం. పాత లీజు గనిలో 100 రూపాయల బొగ్గు అమ్మితే 14 రూపాయలు రాయల్టీ, దానిపైన 4 రూపాయల 20 పైసలు ఖనిజ నిధి. ఈ లెక్క నేనే బోర్డు మీద వేశాను. వేయకుండా ఉండాల్సింది. డబ్బు కనిపించగానే గని ఎవరి ఊరికి దగ్గర, దుమ్ము ఎవరి మీద ఎక్కువ పడుతోంది, బ్లాస్టింగుకు ఎవరి గోడలు ఎక్కువ పగిలాయి అనే వాదన మొదలైంది. పదేళ్ల నాటి తూము గొడవ కూడా బయటికి వచ్చింది. తండా సర్పంచ్ కుర్చీ వెనక్కి తోసి లేచి, "మా పశువుల మేత భూమి మీద గుట్టలు పోసినప్పుడు మీరెవరూ రాలేదు" అన్నారు. ఆ మాట నిజం. మేం వెళ్లలేదు. ఎవరూ జవాబు చెప్పలేక సభ చెదిరిపోయింది.

ఇంటికి వచ్చి నాన్నకు చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "అమ్మా, గనిలో దిగేటప్పుడు ముందు ఏం చూస్తామో తెలుసా? కప్పు చూస్తాం. బొగ్గు తర్వాత. మీరు ముందే డబ్బు చూశారు."

రెండోసారి డిసెంబరులో కూర్చున్నాం. ఈసారి బోర్డు లేదు, జాబితాలు తేవద్దని ముందే చెప్పాం. చెరువు కింది ఊరి బడి ఆవరణలో నేల అలికి, మహిళా సంఘాల వాళ్లంతా కలిసి నాలుగు ఊళ్ల పటం ముగ్గుతో వేశారు. ప్రణాళిక శిక్షణల్లో పంచాయతీ పటాన్ని ఇలా వేయడం నేర్పుతారు, కానీ ఒక్క ఊరి హద్దు వరకే. మేం హద్దులు గీయకుండా మొదలుపెట్టాం. ఓసీ ఉన్నచోట బొగ్గు పొడి పోశారు. చెరువులకు, వాగుకు నీలం రంగు. ఓబీ గుట్టలకు బూడిద. కాలనీకి బియ్యప్పిండి.

అప్పుడు నాన్న, ఆయన వయసువాళ్లే మరో ఇద్దరు రిటైర్డ్ కార్మికులు చెప్పులు విడిచి పటంలోకి దిగారు. ఒకాయన కంపెనీ సర్వే విభాగంలో చైన్‌మన్‌గా, అంటే కొలత గొలుసు పట్టే పని, చేశారు. ముగ్గురూ కుంకుమ తీసుకుని కొన్నిచోట్ల చల్లడం మొదలుపెట్టారు. మేం అర్థం కాక చూస్తున్నాం. ఓసీ రాకముందు ఆ ప్రాంతంలో పాత భూగర్భ గని ఉండేది. బొగ్గు తవ్వుతూ కప్పు పడకుండా మధ్యలో స్తంభాల్లా బొగ్గునే వదిలేస్తారు, చివరికి ఆ పిల్లర్లు కూడా తీస్తారు. తీశాక కొన్నిచోట్ల ఇసుక నింపుతారు, కొన్నిచోట్ల కప్పును కూలనిచ్చి వదిలేస్తారు. అలా మిగిలిన ఖాళీని గోఫ్ అంటారు. కుంకుమ చల్లినవన్నీ గోఫ్ ఉన్న చోట్లని నాన్న చెప్పారు.

మా పంచాయతీ ఆ ఏడాది కట్టాలనుకున్న గోదాము సరిగ్గా ఒక ఎర్రటి మరక మీద ఉంది. తండా వాళ్లు ఇళ్ల స్థలాలకు అడుగుతున్న చోటు సగం ఎరుపు. పట్టణం చెత్త వేయడానికి చూస్తున్న స్థలం మాత్రం గట్టి నేల, కింద ఎప్పుడూ తవ్వలేదు. అంటే ఇళ్లు రావాల్సిన చోట చెత్త, చెత్త కూడా వేయకూడని చోట ఇళ్లు వచ్చేలా ఎవరికి వారు రాసుకున్నాం. ఆ సాయంత్రం ఎవరూ ఖనిజ నిధి మాట ఎత్తలేదు. తండా సర్పంచ్ నాన్న పక్కన కూర్చుని, "తాతా, ఈ ఎరుపు ఎక్కడి దాకా ఉంది? చేయి పట్టుకుని చూపించండి" అని అడిగారు. మర్నాడు ఇద్దరూ నేల మీద నడిచి చూశారు. గోదాము స్థలం మార్చాం. అధికారిక పటాలు తెప్పించుకుని సరిచూసుకునే దాకా ఎర్ర స్థలాల్లో ఏ కట్టడమూ పెట్టకూడదని మూడు పంచాయతీలూ మాట ఇచ్చుకున్నాయి. మా మొదటి ఉమ్మడి నిర్ణయం అదే. దానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

తర్వాతి పని ఇంటింటి లెక్క. 2023 జనవరి, ఫిబ్రవరిల్లో తిరిగాం. "మీ ఇంటికి ఓసీ నుంచి ఎంత వస్తుంది?" అని అడిగితే జనం తలుపులు వేసుకున్నారు. రేషన్ కార్డు తీసేస్తారనీ, పింఛను ఆపేస్తారనీ భయం. కాంట్రాక్టు డ్రైవర్లయితే నోరు విప్పలేదు, మా ఆయనే నాకు ఒక పట్టాన చెప్పలేదు. వారం రోజులయ్యాక ప్రశ్న మార్చాం. "మీరు ఏం అమ్ముతారు? ఎవరికి అమ్ముతారు?" ఈ ప్రశ్నకు అందరూ సంతోషంగా జవాబు చెప్పారు. కూరగాయలు కాలనీ గేటు దగ్గర, కోళ్లు ఆదివారం క్యాంటీన్ వెనక, ఇస్త్రీ క్వార్టర్లలో, ఆటో షిఫ్టు వేళలకు, అద్దె గది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన ఆపరేటర్లకు. నా వార్డులో కంపెనీ పర్మినెంట్ ఉద్యోగం ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. గని మీద ఆధారపడని ఇల్లు మాత్రం వెతికినా దొరకలేదు. వీటిని మూడు రంగుల్లో రాసుకున్నాం. గని పోయినా అమ్ముకోగలిగినవి, వేరే గిరాకీ వెతికితే నిలిచేవి, గనితోనే పోయేవి. పాలు రెండో రంగులో పడ్డాయి. టిప్పర్ డ్రైవింగ్ కూడా. అద్దె గదులు మూడో రంగులో. అప్పు చేసి వరుస గదులు కట్టిన వాళ్లకు ఆ సంగతి చెప్పడం నేను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది.

ఇంతకీ గని ఎప్పుడు ఆగుతుంది? ఇది తెలియకుండా ప్రణాళికకు అర్థం లేదు. గని వైపు ఒక అధికారిని కలిస్తే "మూత గురించి మీకెందుకమ్మా, ఇంకా చాలా కాలం ఉంది" అని పంపేశారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. 30 రోజుల గడువు దాటింది, అప్పీలుకు వెళ్లాం. ఆ లోపు డిగ్రీ చదివే ఒక అమ్మాయి మేం ఊహించని దారి చూపించింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ఇంత పెద్ద గనికి పర్యావరణ అనుమతి కావాలంటే ప్రభావ అంచనా నివేదిక రాయాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆ పత్రాలు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. అనుమతి షరతులను ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి నివేదిక కూడా ఇవ్వాలి. ఆ అమ్మాయి ఫోనులోనే వెతికి తీసింది.

గని ఆయుష్షు ఎన్నేళ్లో అందులో ఉంది. అంతకంటే పెద్ద విషయం ఇంకో పేజీలో ఉంది. తవ్వకం ముగిశాక ఓబీ మట్టితో గుంత మొత్తం పూడదు, చివర మిగిలే భాగాన్ని నీటి మడుగుగా వదిలేస్తారు. ఎన్నో ఏళ్ల కిందట ఆ ప్రజాభిప్రాయ సేకరణకు మా ఊరివాళ్లు ట్రాక్టర్ల మీద వెళ్లారు. ఉద్యోగాలు అడిగారు, గోడల పగుళ్లు చూపించారు, గట్టిగా అరిచారు కూడా. కానీ మూత గురించి ఉన్న పేజీ ఎవరూ చదవలేదు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను.

ఆ పేజీ చదివాక ప్రశ్నలు వరస కట్టాయి. ఆ మడుగు మా పంచాయతీ హద్దులోనూ తండా హద్దులోనూ ఉంటుంది. అది ఎవరిది? నీళ్లు ఎవరు తోడుకోవచ్చు? చేపల హక్కు ఎవరికి? నిలువు గోడలున్న లోతైన గుంత చుట్టూ కంచె ఎవరు వేయాలి, పిల్లలు పడితే ఎవరు జవాబుదారీ? జార్ఖండ్‌లోని రామ్‌గఢ్ జిల్లాలో వదిలేసిన బొగ్గు గని గుంతలో పంజరాలు వేసి చేపలు పెంచుతున్నారని మత్స్యశాఖ ఉద్యోగి ఒకరు చెప్పారు. అది విని మా కుర్రవాళ్లకు ఉత్సాహం వచ్చింది. నేను సంతోషించాను గానీ, ముందు నీటి పరీక్ష జరగాలని పట్టుబట్టాను. ఆ గుంత నీళ్లలో ఏమేం కలిసి ఉంటాయో తెలియకుండా ఎవరి పళ్లెంలోకీ చేప వెళ్లకూడదు.

అందరికంటే ఎక్కువ కలవరపడింది చెరువు కింది ఊరి రైతులు. గని పనిచేయాలంటే నీళ్లు తోడుతూనే ఉండాలి, ఆ నీళ్లు కాలువలో పడి వాళ్ల చెరువుకు వస్తాయి. రెండో పంట అంతా దానిమీదే. గని ఆగిన రోజు మోటార్లు ఆగుతాయి. ఆ గుంత తనంతట తాను నిండడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో చెరువుకు వచ్చేది వాన నీరు మాత్రమే. ఓసీ వల్ల బావులు ఎండాయని కంపెనీని తిట్టే రైతే, ఓసీ నీళ్లతో వరి వేస్తున్నాడు. ఇద్దరూ ఒకే మనిషి. ఈ సంగతి బడి ఆవరణలో గట్టిగా చెప్పుకున్న రోజున వాళ్లలో ఒకాయన, "మరి పాత వాగు కాలువ ఉంది కదా, మా తాతలు దానితోనే చెరువు నింపేవారు" అన్నారు. మోటారు నీళ్లు వచ్చాక ఆ కాలువను అందరూ మరిచిపోయారు. అది తండా భూముల్లో మొదలై మా ఊరి మీదుగా పోతుంది, చాలాచోట్ల ముళ్లచెట్లతో పూడిపోయింది.

సోలార్ గురించి కూడా ఒక మాట. కంపెనీ తన ఖాళీ భూముల్లో సోలార్ ప్లాంట్లు కడుతోంది కాబట్టి ఉద్యోగాలు అక్కడ వస్తాయని చాలామంది నమ్మారు. మేం కొందరం వెళ్లి ఒక ప్లాంటును చూసి వచ్చాం. ఎకరాల కొద్దీ పలకలు, గేటు దగ్గర కాపలా మనుషులు, పలకలు కడిగేవాళ్లు కొందరు. కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టాక ఉండదు. సూర్యుడి కరెంటు కావాలి, రావాలి. కానీ గనిలో పోయే పనికి అది బదులు అని చెప్పి పిల్లలను ఆశపెట్టడం తప్పని మా నివేదికలో రాశాం. ఆ వాక్యం తీసేయమని ఒకరిద్దరు అడిగారు, తీయలేదు.

ఇక పట్టణం. మున్సిపాలిటీ మా వైపు చూడటానికి ఏడాది పట్టింది. ఊళ్ల గొడవ ఊళ్లదని వాళ్ల అభిప్రాయం. 2023 దసరా ముందు పరిస్థితి మారింది. ఆ ఏడాది సింగరేణి లాభాల్లో 32 శాతం, 711 కోట్ల రూపాయలు, కార్మికులకు వాటాగా ప్రకటించారు. ఆ డబ్బు వచ్చే వారం మా పట్టణంలో బంగారం, బట్టలు, టీవీలు, బండ్లు అన్నీ అమ్ముడుపోతాయి. ఆ సందడిలోనే వ్యాపారుల సంఘం పెద్దాయన దగ్గరికి మా ఇంటింటి లెక్క పట్టుకెళ్లాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పి, "ఏటా ఈ వారం కోసమే సరుకు తెస్తున్నాం. ఈ వారం రాకపోతే?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఆయనే ఛైర్‌పర్సన్ దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లారు. కాలనీ ఖాళీ అయితే దాని వీధి దీపాలు, నీళ్లు, డ్రైనేజీ, ఆసుపత్రి ఇప్పటిదాకా కంపెనీ చూస్తున్నవన్నీ ఎవరి నెత్తిన పడతాయో అప్పుడు చర్చకు వచ్చింది. మున్సిపల్ ఇంజనీరు ఆ సంగతి ముందునుంచే ఆలోచిస్తున్నారు, అడిగినవాళ్లే లేరు.

ఆయనే నాకు రాజ్యాంగంలో ఇంకో చోటు చూపించారు, 243జెడ్‌డి అధికరణం. 74వ సవరణతో వచ్చింది. ప్రతి జిల్లాలో పంచాయతీలు, మున్సిపాలిటీలు వేసుకున్న ప్రణాళికలను కలిపే జిల్లా ప్రణాళికా సంఘం ఉండాలి, అందులో ఐదింట నాలుగు వంతుల మంది ఎన్నికైన స్థానిక సభ్యులే కావాలి. నీటి పంపకం, సహజ వనరుల పంపకం లాంటి ఉమ్మడి విషయాలు చూడాలని అందులో స్పష్టంగా ఉంది. ముగ్గుపిండితో మేం తడుముకుంటూ చేసిన పని ముప్పై ఏళ్ల కిందటే రాసిపెట్టి ఉంది. నాకు సంతోషమూ కోపమూ ఒకేసారి కలిగాయి.

2023 నవంబరు, డిసెంబరుల్లో మూడు గ్రామసభలూ, పట్టణ కౌన్సిలూ ఒకే తీర్మానాన్ని ఒకే మాటలతో ఆమోదించాయి. దాన్ని పంచాయతీ ప్రణాళికలు నమోదు చేసే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కించడం దగ్గర మళ్లీ చిక్కు. ఒక పంచాయతీ తన పనులే నమోదు చేయగలదు, పక్క ఊరితో కలిసి చేసే పనిని ఎలా చూపాలో మాకు దారి దొరకలేదు. మా కార్యదర్శి రాత్రి పదకొండు దాకా కూర్చుని కాలువను మూడు ముక్కలు చేశారు. ప్రతి పంచాయతీ తన ముక్కను తన ప్రణాళికలో, ముగ్గురూ ఒకే పేరుతో పెట్టారు. పోర్టల్ దృష్టిలో అవి మూడు కాలువలు. నీళ్లకు ఒకటే.

ఏం జరిగిందంటే, కాలువ పూడికతీత ఉపాధి హామీ కింద మంజూరై 2024 వేసవిలో చాలావరకు పూర్తయింది. తండా ఇళ్ల స్థలాలు గట్టి నేలకు మార్చాలన్న ప్రతిపాదన ఫైలు మీద ఉంది. పట్టణం చెత్త స్థలం మార్చుకుంది, బదులుగా మార్కెట్‌లో మా ఊళ్ల మహిళా సంఘాలకు షెడ్డు ఇచ్చింది. పాల సంఘం మొదలైంది, మొదట్లో తడబడింది, ఇప్పుడు పాలు కాలనీకే కాక మరో పట్టణం హోటళ్లకు కూడా వెళ్తున్నాయి. మడుగు ఎవరిదన్న ప్రశ్నకు ఇంతవరకు జవాబు రాలేదు. ఖనిజ నిధి నుంచి అడిగిన నీటి పరీక్షకు రెండుసార్లు తిరస్కారం వచ్చింది. 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో గని నుంచి 15 కిలోమీటర్లలోపు ప్రాంతాన్ని నేరుగా ప్రభావితమైనదిగా గుర్తించారు, కనీసం 70 శాతం నిధులు తాగునీరు, ఆరోగ్యం, విద్య లాంటి ముఖ్య అవసరాలకే పెట్టాలన్నారు. మొదటి సమావేశంలో మేం కొట్టుకున్న దూరాల గొడవకు ఇక అర్థమే లేదు, మేమందరం ఆ గీత లోపలే ఉన్నాం. దరఖాస్తు మూడోసారి పెట్టాం.

2024 జనవరి 31తో మా పదవీకాలం ముగిసింది. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ కాలంలో మా ఉమ్మడి కమిటీకి కాగితం మీద ఏ హోదా లేదు. అయినా నెలకోసారి బడి ఆవరణలో కూర్చున్నాం. 2025 డిసెంబరు ఎన్నికల్లో రెండు ఊళ్లకు కొత్త సర్పంచ్‌లు వచ్చారు. నేను పోటీ చేయలేదు. ఇంటింటి లెక్క పుస్తకం, ఎర్ర స్థలాల పటం, తీర్మానాల నకళ్లు ఒక ఇనుప పెట్టెలో పెట్టి కొత్త సర్పంచ్‌కు అప్పగించాను. ఆమె వయసు నా కూతురి వయసు. పెట్టె తెరవకముందే, "ఆంటీ, చెరువు లెక్క పుస్తకం ఇందులో ఉందా?" అని అడిగింది.

అది పెట్టెలో లేదు. చెరువు తూము గోడ మీద మేం గజం బద్దలా గీతలు గీయించాం. ప్రతి సోమవారం ఉదయం ఆ గీతల దగ్గర నీటిమట్టం, ఆ వారం ఓసీ మోటారు నీళ్లు ఎన్ని రోజులు వచ్చాయో, పాత కాలువ నుంచి ఏమైనా వచ్చిందో రాస్తున్నాం. పుస్తకం పాలవ్వ కోడలి దగ్గర ఉంటుంది, ఆమె ఇల్లు చెరువు దారిలోనే. మొన్న సోమవారం నేను, కొత్త సర్పంచ్ కలిసి వెళ్లాం. మోటారు నీళ్లు ఆ వారం రెండు రోజులే వచ్చాయి. మట్టం అంతకుముందు వారం గీత మీదే ఉంది. పాలవ్వ కోడలు తేదీ వేసి, మూడో గడిలో "కాలువ నీరు వచ్చింది" అని రాసి, పుస్తకం మూసి కొంగున కట్టుకుంది.